రాజు మాటకు పూచీ ఎవరు? మాగ్నా కార్టా, ఇతర తొలి శాసనాలపై చర్చ

రాజమహేంద్రి పాఠకుడు (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. పోటీ పరీక్షలకు తయారయ్యే పిల్లలకు నేను చరిత్ర చెబుతుంటాను. మా పుస్తకాల్లో మాగ్నా కార్టా అనే రాజపత్రానికి దక్కే చోటు ఒక్క వాక్యం: 1215లో ఇంగ్లండు రాజు జాన్ ప్రజలకు స్వేచ్ఛను ప్రసాదించాడు. ఎన్నో ఏళ్లుగా నేనూ అలాగే చెబుతూ వచ్చాను. ఇటీవల ఆ పత్రం పాఠాన్ని మొదటినుంచి చివరిదాకా నిదానంగా చదివిన తరువాత, ఆ వాక్యంలో సంవత్సరమూ రాజు పేరూ తప్ప మిగిలినదంతా సవరించవలసినదేనని అనిపించింది.

జాన్ దానిని ప్రసాదించలేదు. 1204లో నార్మండీని ఫ్రాన్సు రాజుకు పోగొట్టుకున్న అతడు, దానిని తిరిగి గెలుచుకోవాలన్న పట్టుదలతో దేశాన్ని పిండి సొమ్ము కూడబెట్టాడు. సైనిక సేవకు బదులుగా సామంతులు చెల్లించే స్క్యూటేజ్ అనే పన్నును పదహారేళ్లలో పదకొండుసార్లు వేశాడు. తండ్రి పోయిన తరువాత ఆస్తి స్వాధీనం కావడానికి వారసుడు కట్టే రుసుముకు హద్దు లేకుండా చేశాడు. నికొలస్ డి స్టట్‌విల్ అనే సామంతుడి నెత్తిన 10,000 మార్కుల రుసుము పెట్టాడు. ఇంత చేసి, 1214 జులై 27న ఫ్రాన్సు రాజుతో జరిగిన బూవీన్ యుద్ధంలో అతని కూటమి ఓడిపోయింది. మరుసటి ఏడాది మే 17న తిరుగుబాటు సామంతులు లండన్ నగరాన్ని పట్టుకున్నారు. జూన్ 15న థేమ్స్ ఒడ్డున, విండ్సర్‌కూ స్టెయిన్స్‌కూ నడుమనున్న రన్నీమీడ్ పచ్చికబయలులో రాజు తలొగ్గవలసి వచ్చింది.

నన్ను ఆలోచింపజేసినది ఆ తరువాతి సంగతి. అదే ఏడాది ఆగస్టు 24న మూడవ ఇన్నోసెంట్ పోపు ఆ పత్రం చెల్లదని ప్రకటించాడు. దేశంలో అంతర్యుద్ధం మొదలైంది, 1216 అక్టోబరులో జాన్ మరణించాడు. అంటే పుట్టిన పది వారాలకే కొట్టివేతకు గురైన పత్రమిది. అలాంటిది ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన మూలపత్రంగా ఎలా మారింది? అక్షరం బలమా, లేక అక్షరానికి వెనుక నిలబడినవారి బలమా? తెలిసినవారు వివరించగలరు.

గుంటూరు న్యాయవాది

మంచి ప్రశ్న వేశారు. ముందుగా పత్రం స్వరూపం గురించి ఒక మాట చెప్పాలి. అసలు ప్రతిలో క్లాజులకు అంకెలు లేవు. గొర్రెతోలుపై లాటిన్ భాషలో ఎడతెగకుండా రాసుకుంటూ పోయారు. మనం చెప్పుకునే 63 క్లాజుల విభజన 18వ శతాబ్దంలో బ్లాక్‌స్టోన్ అనే న్యాయపండితుడి కాలం నుంచి స్థిరపడింది. రాజు సంతకం చేశాడనడం కూడా పొరపాటు, రాజముద్ర వేశారు.

దేశంలోని ఏ న్యాయవాదిని అడిగినా 39, 40 క్లాజులను చెబుతారు. తన సమానుల న్యాయసమ్మతమైన తీర్పు వలన గాని, దేశపు చట్టం వలన గాని తప్ప ఏ స్వతంత్రుడినీ పట్టుకోరాదు, చెరలో పెట్టరాదు, ఆస్తి లాక్కోరాదు అని మొదటిది చెబుతుంది. న్యాయాన్ని ఎవరికీ అమ్మము, నిరాకరించము, ఆలస్యం చేయము అని రెండవది చెబుతుంది. ఇవి గొప్ప వాక్యాలే, కాదనను. కానీ పత్రంలో ఎక్కువ భాగం ఇంత ఉన్నతంగా ఉండదు. వారసుడి రుసుము 100 పౌండ్లకు మించరాదు. కోట అధికారి ఎవరి ధాన్యాన్నీ అప్పటికప్పుడు డబ్బివ్వకుండా తీసుకోరాదు. అనుమతి లేకుండా బండినీ గుర్రాన్నీ పట్టుకుపోరాదు. దేశమంతటా ధాన్యానికి ఒకే కొలత ఉండాలి. నదులలో చేపల కోసం కట్టిన అడ్డుకట్టలు తీసివేయాలి. నా దృష్టిలో పత్రానికి ప్రాణం ఈ చిన్న క్లాజులలోనే ఉంది. “రాజు న్యాయంగా పాలించాలి” అని రాస్తే ఏ రాజైనా ఒప్పుకుంటాడు, ఆ మాట అతడిని దేనికీ కట్టివేయదు కాబట్టి. “100 పౌండ్లు” అని అంకె వేసినప్పుడు మాత్రమే 101వ పౌండు అన్యాయమని అందరికీ ఒకేలా కనిపిస్తుంది. ఒక మార్కు పౌండులో మూడింట రెండు వంతులు కాబట్టి, మీరు చెప్పిన 10,000 మార్కులు దాదాపు 6,667 పౌండ్లు. ఆ అంకె పక్కన 100ను పెట్టి చూడండి.

ఇక పూచీ సంగతి. 61వ క్లాజులో దానికి జవాబు ఉంది, అయితే అది భయంకరమైన జవాబు. సామంతులు 25 మందిని ఎన్నుకుంటారు. రాజు మాట తప్పితే వారిలో నలుగురు వెళ్లి చెబుతారు. 40 రోజులలో సరిదిద్దకపోతే, రాజు, రాణి, వారి పిల్లల ప్రాణాలకు హాని తలపెట్టకుండా, దేశప్రజలందరి సాయంతో రాజు కోటలనూ భూములనూ స్వాధీనం చేసుకోవచ్చు. రాజు తనమీద తిరగబడే విధానాన్ని తానే ముద్ర వేసి ఒప్పుకున్నాడన్నమాట. పోపు ముందు జాన్ మొరపెట్టుకోవడానికి, పోపు ఆగ్రహించడానికి ఈ క్లాజు ఒక్కటే చాలు. ఇది యుద్ధానికి పనికివచ్చింది గాని పాలనకు పనికిరాలేదు.

కృష్ణాతీరం

ఇద్దరి టపాలూ శ్రద్ధగా చదివాను. గౌరవంతోనే విభేదిస్తున్నాను. 39వ క్లాజులో “ఏ స్వతంత్రుడినీ” అన్న మాట మీద మనం ఆగవలసినంతసేపు ఆగడం లేదు. ఆనాటి ఇంగ్లండు రైతాంగంలో చాలా పెద్ద భాగం స్వతంత్రులు కారు. వారు భూమితో పాటు యజమానికి కట్టుబడి ఉన్నవారు, యజమాని అనుమతి లేకుండా ఊరు విడిచి వెళ్లలేనివారు. రాజుకు వ్యతిరేకంగా హామీ సంపాదించుకున్న ఆ సామంతులే తమ పొలాల్లో ఈ మనుషులకు రాజులు. 20వ క్లాజు జరిమానా నుంచి ఇటువంటి రైతు సేద్యపు సామగ్రిని మినహాయించిన మాట నిజమే. అది రైతు మీద దయ అనుకోవడానికి లేదు, నాగలి లేనివాడు యజమాని పొలం దున్నలేడు కదా.

యూదుల అప్పుల గురించిన 10, 11 క్లాజులు, భర్త హత్య గురించి తప్ప మరెవరి హత్య గురించైనా స్త్రీ చేసిన ఫిర్యాదుపై ఎవరినీ నిర్బంధించరాదన్న 54వ క్లాజు కూడా ఇదే పత్రంలో ఉన్నాయి. దీనిని స్వేచ్ఛకు పుట్టినిల్లు అనేముందు ఆ ఇంట్లో ఎవరికి చోటు దొరికిందో అడగాలి.

చీరాల ఉపాధ్యాయిని

కృష్ణాతీరం గారూ, 54వ క్లాజు గురించి మీరు చెప్పినది సరైనదే. దానితోపాటు 7, 8 క్లాజులను కూడా చూడాలి. భర్త పోయిన స్త్రీకి ఆమె భాగం వెంటనే, ఏ రుసుమూ లేకుండా ఇవ్వాలనీ, ఒంటరిగా ఉండదలచిన వితంతువును మరో పెళ్లికి బలవంతపెట్టరాదనీ అవి చెబుతున్నాయి. జాన్ ధనవంతులైన వితంతువుల పెళ్లిళ్లను అమ్మకానికి పెట్టేవాడు. తన మాజీ భార్య, గ్లోస్టర్ వారసురాలు ఇసబెల్లాను పెళ్లాడినందుకు జెఫ్రీ డి మాండెవిల్ అనే సామంతుడి చేత 1214లో 20,000 మార్కులకు బాకీ రాయించుకున్నాడు. ఈ క్లాజులు పేద స్త్రీకి ఉపయోగపడి ఉండవు; అయినా “నాకు పెళ్లి వద్దు” అన్న స్త్రీ మాటకు రాజపత్రంలో చోటు దొరకడం నాకు చిన్న విషయంగా కనిపించదు.

మరో సంగతి చెప్పాలని ఈ చర్చలోకి వచ్చాను. మా ఊరికి దగ్గరలోనే మోటుపల్లి ఉంది. అక్కడి వీరభద్రాలయం దగ్గర, శక సంవత్సరం 1166లో, అంటే 1244–45 ప్రాంతంలో, కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం ఉంది. మాగ్నా కార్టాకు సుమారు ముప్పై ఏళ్ల తరువాతిది. ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరిన ఓడలు తుపానుకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకువస్తే, వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సర్వస్వాన్నీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని ఆ శాసనమే చెబుతుంది. ప్రాణం కన్నా ధనం ఎక్కువని తలచి సముద్రయానమనే మహాసాహసానికి ఒడిగట్టిన వర్తకుల మీది కరుణతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వారికే విడిచిపెడుతున్నామని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పైకి ఒకటి. ఆపైన మంచిగంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పట్టు వంటి సరుకులకు ఎంతెంతో విడివిడిగా రాయించాడు.

న్యాయవాది గారు అంకె గురించి చెప్పిన మాట చదవగానే నాకు ఈ శాసనం గుర్తుకు వచ్చింది. వర్తకులకు రాకపోకల్లో రక్షణ ఇస్తూ, అన్యాయపు సుంకాలు వేయరాదన్న మాగ్నా కార్టా 41వ క్లాజుతో దీనిని పక్కపక్కన పెట్టి చదవడం మన విద్యార్థులకు ఎంతో మేలు చేస్తుందని నా నమ్మకం.

సాల్స్‌బరీ తెలుగు

నేను పదకొండేళ్లుగా ఇంగ్లండులోని సాల్స్‌బరీలో ఉంటున్నాను. 1215 నాటి ప్రతులు నేడు నాలుగు మిగిలి ఉన్నాయి: రెండు బ్రిటిష్ లైబ్రరీలో, ఒకటి లింకన్ పట్టణంలో, ఒకటి మా ఊరి కెథడ్రల్‌లో, అంటే బిషప్పు ఉండే పెద్ద చర్చిలో. మొదటిసారి చూసినప్పుడు నన్ను ఆశ్చర్యపరచినది దాని చిన్నతనం. అక్షరాలు చీమల బారులా ఉంటాయి, పదాలన్నీ కుదించి రాసినవే.

అయితే రాత ఎంత చిన్నదైనా, ప్రజలలో ఎక్కువమంది దానిని చదవలేదు, విన్నారు. 1215లోనే దానిని బహిరంగంగా చదివించాలని షెరీఫులకు, అంటే జిల్లాల్లోని రాజోద్యోగులకు, ఆజ్ఞలు వెళ్లాయి. 1253 మే 13న వెస్ట్‌మిన్‌స్టర్ హాలులో, జాన్ కొడుకు మూడవ హెన్రీ సమక్షంలో, బిషప్పులు వెలిగించిన కొవ్వొత్తులు పట్టుకుని నిలబడి, ఈ హామీలను ఉల్లంఘించినవారిని మతం నుంచి వెలివేస్తున్నామని ప్రకటించి, ఆ కొవ్వొత్తులను నేలకు కొట్టారు. 1297లో కెథడ్రల్‌లలో ఏడాదికి రెండుసార్లు ప్రజల ముందు చదవాలని ఆదేశించారు. రాజమహేంద్రి పాఠకుడు గారు అడిగిన పూచీలో కొంత భాగం ఇక్కడ ఉందని నా అభిప్రాయం. లాటిన్ రాని రైతు కూడా రాజు ఏదో మాట ఇచ్చాడని ఎరిగి ఉన్నప్పుడు, ఆ మాటను నిశ్శబ్దంగా మింగేయడం రాజుకు కష్టమవుతుంది.

మరొక చిన్న విషయం, మన సభ్యులకు నచ్చుతుందని రాస్తున్నాను. రన్నీమీడ్‌లో 1957లో అమెరికా న్యాయవాదుల సంఘం కట్టించిన స్మారకం ఉంది. దానికి సమీపంలోనే 1994 మార్చిలో మన పి.వి. నరసింహారావు గారు భారత ప్రధానిగా నాటిన ఓక్ మొక్క, దాని ముందు ఒక ఫలకం ఉన్నాయి. తెలుగువారు ఎవరు వచ్చినా నేను అక్కడికి తప్పక తీసుకువెళతాను.

రాజమహేంద్రి పాఠకుడు

మీ అందరి టపాలు చదివాక నాలో ఒక సమాధానం రూపు కడుతోంది. తప్పయితే సరిదిద్దండి.

జాన్ మరణించేనాటికి కొడుకు హెన్రీ వయసు తొమ్మిదేళ్లు. దేశంలో సగం తిరుగుబాటుదారుల చేతిలో, వారు పిలిపించుకున్న ఫ్రెంచి యువరాజు లూయీ చేతిలో ఉంది. బాలరాజు పక్షాన పాలన చేపట్టిన వృద్ధ యోధుడు విలియం మార్షల్, ఏ పత్రాన్ని అడ్డుకోవడానికి జాన్ యుద్ధం చేశాడో ఆ పత్రాన్నే 1216 నవంబరులో రాజు పేరిట తిరిగి విడుదల చేశాడు. తిరుగుబాటుదారులకు పోరాడడానికి కారణం లేకుండా చేయడమే అందులోని ఎత్తుగడ. అయితే 25 మంది కాపలాదారుల క్లాజునూ, ఉమ్మడి సమ్మతి లేకుండా స్క్యూటేజ్ వేయరాదన్న 12వ క్లాజునూ తొలగించాడు. 1217లో మరోసారి విడుదలైంది. 1225లో యుక్తవయసుకు వచ్చిన హెన్రీ తన ఇష్టపూర్వకంగా ఇస్తున్నానని ప్రకటిస్తూ మళ్లీ ఇచ్చాడు. అందుకు ప్రతిగా ప్రజల చరాస్తులలో పదిహేనవ వంతు పన్నుగా పొందాడు.

నాకు ఇక్కడే అసలు సంగతి దొరికింది. సమ్మతి లేనిదే పన్ను లేదన్న క్లాజు పత్రం నుంచి పోయింది, కానీ 1225లో రాజు డబ్బు కావాలని సభను పిలిచినప్పుడు ఆ సూత్రం ఆచరణలో తిరిగి వచ్చింది. రాజుకు యుద్ధం వచ్చిన ప్రతిసారీ డబ్బు కావాలి. డబ్బు కావలసిన ప్రతిసారీ పాత మాటను మళ్లీ ఒప్పుకోవాలి. 1297లో మొదటి ఎడ్వర్డ్ విషయంలోనూ ఇదే జరిగింది, అప్పుడే అది దేశపు చట్టాలను నమోదు చేసే శాసనాల చుట్టలోకి ఎక్కింది. 61వ క్లాజులోని కత్తి చేయలేని పనిని మూటముడి చేసిందని చెప్పాలి.

అడవి దారి

ఉట్నూరు నుంచి రాస్తున్నాను. 1217లో వెలువడిన రెండవ పత్రం గురించి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి కొంచెం చెబుతాను. అది అడవుల చార్టర్, అంటే అడవుల గురించిన హక్కుల పత్రం. దాని నుంచి వేరుగా గుర్తించడానికే మొదటి పత్రానికి “పెద్ద చార్టర్”, అంటే మాగ్నా కార్టా, అన్న పేరు వచ్చింది.

ఆనాడు రాజు వేట కోసం కేటాయించిన అడవి అంటే చెట్లున్న చోటు మాత్రమే కాదు. ఊళ్లూ పొలాలూ కూడా ఆ హద్దులలో ఉండేవి, అక్కడ మామూలు చట్టం గాక రాజు అడవి చట్టం నడిచేది. అడవుల చార్టర్, రెండవ హెన్రీ కాలం నుంచి అక్రమంగా కలుపుకున్న భూములను ఆ హద్దుల నుంచి తప్పించింది. రాజు జింకను చంపినందుకు ఇకమీదట ఎవరికీ ప్రాణం గాని అవయవం గాని పోరాదన్నది. పందులను మేతకు తోలుకోవడం, తన తోపులో దొరికే తేనెను తానే తీసుకోవడం స్వతంత్రుడి హక్కులన్నది. తేనె తీసే మనుషుల మధ్య పెరిగిన నాకు ఆ ఒక్క మాట దగ్గర చాలాసేపు చదువు ముందుకు సాగలేదు. ఈ పత్రం కూడా స్వతంత్రుల గురించే మాట్లాడుతుంది, కృష్ణాతీరం గారి అభ్యంతరం దీనికీ వర్తిస్తుంది. అయినా హక్కు అంటే కోర్టు, జైలు మాత్రమే కాదు, కట్టెలు, మేత, తేనె కూడా అని గుర్తించిన పత్రం ఇది. 1971 వరకు చట్టంగా బతికింది.

కృష్ణాతీరం

అడవి దారి గారి టపాకు కృతజ్ఞతలు. అయితే చీరాల ఉపాధ్యాయిని గారిని ఒక ప్రశ్న అడగాలి. మోటుపల్లి శాసనం రాజు తన కరుణతో ఇచ్చినది. దానికోసం ఎవరూ రాజుతో తలపడలేదు, తప్పితే ఏం చేయాలో అందులో లేదు. కరుణతో ఇచ్చినదాన్ని కోపంతో తీసుకోవచ్చు. దానిని అధికారానికి హద్దు అనవచ్చా?

చీరాల ఉపాధ్యాయిని

అడగవలసిన ప్రశ్నే. మాగ్నా కార్టాతో అది సమానమని నేను అనను. రాజుకూ సామంతులకూ కుదిరిన ఒప్పందం ఒకటి, రాజు ఒక్కడే ఇచ్చిన అభయం మరొకటి. కానీ గణపతిదేవుడు దానిని రాజభాండాగారంలో రాగిరేకుపై దాచలేదు. రేవులో, సంస్కృతంలోనూ తెలుగులోనూ, రాతిస్తంభం మీద చెక్కించాడు. సుంకరి ముప్పైకి రెండు అడిగితే వర్తకుడు ఆ స్తంభం చూపించగలడు. అక్కడ హద్దు పడినది రాజుకు కాకపోవచ్చు, రాజు పేరు చెప్పి వసూలు చేసే ఉద్యోగికి తప్పకుండా పడింది. మామూలు మనిషికి ఎదురయ్యేది రాజు కాదు, ఆ ఉద్యోగే. మాట తప్పితే శిక్ష ఏమిటంటే, ఓడలు మరో రేవుకు పోతాయి. రాజమహేంద్రి పాఠకుడు గారు చెప్పిన మూటముడి ఇక్కడా ఉంది.

గుంటూరు న్యాయవాది

“స్వతంత్రుడు” అన్న మాట గురించి కృష్ణాతీరం గారికి సమాధానం బాకీ ఉన్నాను. ఆ మాట అక్కడే ఆగిపోలేదు. 1354లో మూడవ ఎడ్వర్డ్ కాలపు శాసనం ఆ చోట “ఏ స్థితికి, ఏ తరగతికి చెందినవాడైనా” అని రాసింది. “చట్టప్రకారమైన విధానం” అన్న మాట కూడా అందులోనే వచ్చింది. 1627లో మొదటి చార్లెస్ బలవంతపు అప్పు ఇవ్వనివారిని జైలులో పెట్టి, కారణం అడిగితే “రాజు ప్రత్యేక ఆజ్ఞ” అని మాత్రమే చెప్పించాడు. అయిదుగురు నైట్లు కోర్టుకు వెళ్లి మాగ్నా కార్టాను ఉటంకించారు, న్యాయమూర్తులు వారిని విడిచిపెట్టలేదు. మరుసటి ఏడాది న్యాయకోవిదుడు ఎడ్వర్డ్ కోక్ ముందుండి నడిపిన పార్లమెంటు, హక్కుల విన్నపంలో ఆ పాత క్లాజునే రాజు ముందు పెట్టింది. 1679లో హెబియస్ కార్పస్ చట్టం వచ్చింది. జైలరు ఖైదీని నిర్ణీత గడువులో కోర్టు ముందు ఉంచి, నిర్బంధానికి కారణం చూపాలి. 61వ క్లాజు వెతికిన కాపలాదారుడు 464 ఏళ్లకు ఒక మామూలు కోర్టు ఉత్తర్వు రూపంలో దొరికాడు.

మన రాజ్యాంగంలో దీని ఛాయ ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకూ రక్షణనిచ్చే 21వ అధికరణలో ఉంది. పన్ను సంగతి 265లో ఉంది: చట్టం అధికారం లేనిదే పన్ను వేయరాదు, వసూలు చేయరాదు. 21లో అమెరికా రాజ్యాంగం వాడిన “చట్టప్రకారమైన విధానం” (డ్యూ ప్రాసెస్) అన్న మాటను వదిలి “చట్టం నిర్దేశించిన విధానం” అని రాయడాన్ని రాజ్యాంగసభలో సమర్థించినవారిలో నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ముఖ్యులు.

కృష్ణాతీరం

1354 సంగతి నాకు కొత్త, ఒప్పుకుంటున్నాను. కానీ మీ మాటే నా వాదానికి కూడా బలమిస్తోంది. 1976 ఏప్రిల్‌లో, అత్యవసర పరిస్థితి కాలంలో, నిర్బంధితులు హెబియస్ కార్పస్ కోరలేరని మన సుప్రీంకోర్టు అయిదుగురిలో నలుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. జస్టిస్ ఖన్నా ఒక్కరే విభేదించారు. అక్షరం అక్కడే ఉంది, కోర్టూ అక్కడే ఉంది, కాపలా మాత్రం లేదు. ఆనాడు మా ఇంట్లో ఒకరు పద్దెనిమిది నెలలు జైలులో ఉన్నారు. అందువలన ఈ పత్రాలను పూజించడం నాకు సాధ్యం కాదు.

గుంటూరు న్యాయవాది

మీ ఇంటివారి అనుభవం ముందు నా వాదానికి తొందర లేదు. ఒక్క వాస్తవం మాత్రం చేర్చాలి. 1978లో 44వ సవరణ వచ్చింది. అత్యవసర పరిస్థితిలో కూడా 20, 21 అధికరణల అమలును నిలిపివేయడానికి వీలులేకుండా చేసింది. 1976 నాటి ఆ తీర్పును 2017లో సుప్రీంకోర్టే తోసిపుచ్చింది. అదే తీర్పులో, వ్యక్తిగత గోప్యతపై 1962లో జస్టిస్ కోకా సుబ్బారావు గారు మైనారిటీలో నిలిచి రాసిన అభిప్రాయాన్ని సరైనదిగా స్వీకరించింది. వీటిలో ఏదీ ఆ పద్దెనిమిది నెలలను తిరిగి ఇవ్వదు.

చీరాల ఉపాధ్యాయిని

రాజమహేంద్రి పాఠకుడు గారు మాగ్నా కార్టాను 1216, 1217, 1225లలో మళ్లీ మళ్లీ విడుదల చేశారని రాసినప్పటి నుంచి ఒక విషయం నా మనసులో మెదులుతోంది. మోటుపల్లిలోనూ అలాగే జరిగింది. కాకతీయుల రాజ్యం 1323లో కూలిపోయింది. రేవు రెడ్డిరాజుల చేతికి వచ్చాక, 1358లో అనపోతారెడ్డి అదే ఊళ్లో వర్తకులకు తన అభయ శాసనం వేయించాడు. వచ్చినవారిని ఆదరిస్తామనీ, వెళ్లదలచినవారిని నిర్బంధించబోమనీ, సరుకును తమకు నచ్చినవారికి అమ్ముకోవచ్చనీ మాట ఇచ్చాడు. గణపతిదేవుడి స్తంభం అప్పటికీ అక్కడే నిలిచి ఉంది. అయినా కొత్త రాజు చేత కొత్తగా చెక్కించవలసి వచ్చింది.